గాలి పంపే కబురు, గాదంకి వినే తీరు

తిరుపతి నుంచి పాకాల వైపు వెళ్లే దారిలో, కొండల నడుమ ఉంటుంది గాదంకి. అక్కడ 130 మీటర్ల చదరపు మైదానంలో 1024 యాగీ యాంటెనాలు వరుసలు తీరి నిలబడి ఉంటాయి. ముంబయిలోని సమీర్ సంస్థ రూపొందించిన, పైనున్న వాతావరణ పొరల్లో గాలి కదలికలను గమనించే ఎంఎస్‌టీ రాడార్ అది. 1990ల తొలినాళ్ల నుంచి పనిచేస్తోంది. దాన్ని నడిపే సంస్థకు 2005లో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అని పేరు పెట్టారు.

తొలి రూపంలో ఈ రాడార్ గరిష్ఠంగా 2.5 మెగావాట్ల శక్తితో, 53 మెగాహెర్ట్జ్ వద్ద పల్స్‌లు పైకి పంపేది. గాలి సుడులు వాటిని చెదరగొడితే కిందికి తిరిగొచ్చేది మాత్రం లేశమంత. దాన్ని యాంప్లిఫయర్‌తో పెంచవచ్చు, కానీ దాంతోపాటు నాయిస్ కూడా పెరుగుతుంది. చిక్కంతా అక్కడే.

మైక్‌సెట్ పెట్టేవాళ్లకు ఈ బెడద రెండు రకాలుగా తెలుసు. ఒకటి గుయ్‌మనే హమ్. 50 హెర్ట్జ్ కరెంటు దొంగదారిన చొరబడటం వల్ల వస్తుంది. రెండుచోట్ల ఎర్త్ చేస్తే ఏర్పడే గ్రౌండ్ లూప్‌ను తెంచితే, షీల్డ్ కేబుల్ వాడితే చాలావరకు పోతుంది. రెండోది బుస్సుమనే చప్పుడు. అది బయటినుంచి వచ్చేది కాదు, రెసిస్టర్‌లోని ఎలక్ట్రాన్ల వేడి కదలికే. 1928లో బెల్ ల్యాబ్స్‌లో జాన్సన్ దాన్ని కొలిచాడు, నైక్విస్ట్ లెక్క కట్టాడు. వేడి ఉన్నంతకాలం అది పూర్తిగా పోదు. తగ్గించుకోవడమే మార్గం.

తగ్గించే పనిలో అసలు గెలుపోటములు మొదటి స్టేజీలోనే తేలిపోతాయి. 1944లో ఫ్రిస్ ఇచ్చిన సూత్రం ప్రకారం, మొదటి యాంప్లిఫయర్ సిగ్నల్ శక్తిని వంద రెట్లు పెంచితే, రెండో స్టేజీ నాయిస్ ప్రభావం వందోవంతుకు పడిపోతుంది. మరి ఆ మొదటి స్టేజీకి ముందే పొడుగాటి కేబుల్ ఉంటే? అందులో పోయే ప్రతి డెసిబెల్ నేరుగా నష్టమే. అందుకే తర్వాత గాదంకి రాడార్‌ను ఆధునికీకరించినప్పుడు, యాంటెనాకు ఒకటి చొప్పున 1024 ఘనస్థితి మాడ్యూళ్లు పెట్టడం అర్థవంతమైన మార్పు. పంపే, అందుకునే పని రెండూ యాంటెనా దగ్గరే సాగుతాయి.

అయినా 53 మెగాహెర్ట్జ్ దగ్గర ఎంత మంచి యాంప్లిఫయర్‌కైనా ఒక హద్దు ఉంది. ఆకాశమే గోల చేస్తుంది. పాలపుంత నుంచి వచ్చే రేడియో శబ్దం ఈ పౌనఃపున్యంలో వేల కెల్విన్ల వేడికి సమానం. యాంప్లిఫయర్‌ను ఇంకా ఇంకా నిశ్శబ్దం చేస్తూపోతే డబ్బు దండగే.

అక్కడినుంచి పని లెక్కలది. వరుసగా 64 పల్స్‌ల ప్రతిధ్వనులను కలిపితే సిగ్నల్ వోల్టేజి 64 రెట్లవుతుంది. ఒక తీరు లేని నాయిస్ మాత్రం 8 రెట్లే పెరుగుతుంది. శక్తి లెక్కన నాయిస్‌తో పోలిస్తే సిగ్నల్‌కు 64 రెట్ల లాభం. గాలి కదులుతూనే ఉంటుంది కనుక ఈ కూడికను ఎంతసేపైనా సాగదీయలేరు. పల్స్ మిల్లీసెకనుకు ఒకటి చొప్పున పంపితే 64 పల్స్‌లకు 64 మిల్లీసెకన్లు. అంతలో గాలి పెద్దగా మారదు.

పాలపుంత గోల కూడా వృథా కాదు. 1930లలో జాన్‌స్కీ గమనించినట్టు, అది 23 గంటల 56 నిమిషాలకోసారి హెచ్చుతగ్గులవుతుంది. నాయిస్ గీత లెక్క ప్రకారం పైకి లేవాల్సిన వేళ లేవకపోతే, రిసీవర్‌ను ఒకసారి విప్పి చూడాల్సిందే.