బారల లెక్కలో ఆఫ్రికా తీరం

పదిహేడో శతాబ్దపు డచ్చి సముద్ర పటంలో గినీ తీరాన్ని చూడబోతే ముందుగా కళ్లకు తగిలేవి శీర్షిక చుట్టూ చెక్కిన ఏనుగులూ, సింహాలూ. వాటిని కాసేపు వదిలేసి నీళ్ల వైపు చూడండి. ఒడ్డు వెంబడి చీమల బారులా చిన్న చిన్న అంకెలు. ఓడవాడికి కావలసింది అవే.

అవి లోతులు. డచ్చివాళ్ల కొలత పేరు వాదెం. రెండు చేతులూ చాపితే వచ్చే పొడవు, అంటే మన జాలర్లు చెప్పే బారే. తాడుకు సీసపు గుండు కట్టి ఓడ మీంచి వదిలేవారు. గుండు అడుగున చిన్న గుంట, దాన్నిండా కొవ్వు. పైకి లాగితే ఆ కొవ్వుకు ఇసుకో, బురదో, గుల్లపెంకులో అంటుకొచ్చేవి. లోతెంతో తాడు చెప్పేది, లంగరు పట్టే నేలో కాదో కొవ్వు చెప్పేది. పటం మీది ఒక్కో అంకె వెనక అలా ఎవరో తడితాడు లాగిన చేతులున్నాయి.

ఊళ్ల పేర్లన్నీ తీరానికి అడ్డంగా, నేల వైపుకే రాశారు. నీటి భాగం ఓడ దారి గీసుకోవడానికి ఖాళీగా ఉండాలి కదా! దిక్సూచి పూల నుంచి అన్ని దిక్కులకూ సాగే గీతలు అందుకే. నేల లోపలి భాగం మాత్రం చాలాచోట్ల ఖాళీయే.

అచ్చుపని మరో విద్య. రాగిరేకు మీద ప్రతి అక్షరాన్నీ అద్దంలో కనబడేట్టు తిరగేసి చెక్కాలి. సిరా పూసి పైన తుడిచేస్తే గాట్లలోది మాత్రమే మిగులుతుంది. తడిపిన కాగితం దానిమీద పరిచి గట్టిగా ఒత్తాలి. పాత పటం అంచున వేలు పెడితే రేకు నొక్కిన గాడి ఇప్పటికీ తెలుస్తుంది. తప్పు దొర్లితే ఆ చోట రేకును వెనకనుంచి కొట్టి, చదును చేసి మళ్లీ చెక్కేవారు. రంగులు మాత్రం చేత్తో అద్దినవే.

1602లో పుట్టిన డచ్చి తూర్పిండియా కంపెనీ తన పటాలను తోలుమీద చేత్తో రాయించేది, చెమ్మకు కాగితం కన్నా తోలు ఆగుతుందని. ప్రయాణం ముగియగానే వాటిని తిరిగి అప్పగించాలి. పశ్చిమాఫ్రికా తీరాన్ని ఆంస్టర్డాంలో జోహన్నెస్ వాన్ కూలెన్ 1680లలోనే 'సముద్రపు కాగడా' సంపుటాల్లో అచ్చువేశాడు. అదే వరసలో ఆసియా తీరాల సంపుటిని అతని మనవడు తెచ్చింది 1753లో. ఆసియా తీరాల పటాలను కంపెనీ అంతకాలం దాచింది.

ఈ పటాల అందం చెప్పి, వాటి పాపం చెప్పకపోతే అన్యాయం. 1637లో డచ్చివాళ్లు పోర్చుగీసుల నుంచి ఇదే గినీ తీరంలోని ఎల్మినా కోటను లాక్కున్నారు. ఇవే లోతులు చూసుకుంటూ బానిస ఓడలు అక్కడ లంగరు వేశాయి. మన కోరమండల్ తీరపు నేతగుడ్డ కూడా ఆ ఓడల్లోకి ఎక్కించిన మనుషులకు వెలగా చెల్లించిన సరుకుల్లో ఒకటి.

సముద్రం మీద నిజంగా వాడిన కాగితపు పటాలు ఉప్పుకూ తడికీ చాలామటుకు పోయాయి. మిగిలినవి ఎక్కువగా బీరువాల్లో భద్రంగా ఉన్న అట్లాసులే. లైడెన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం తన పటాలెన్నిటినో ఇంటర్నెట్‌లో పెట్టింది. తెరమీద పెద్దవి చేసి చూడండి. ఏనుగు ఎక్కడికీ పోదు, ముందు అంకెలు చదవండి.