నమాజు, జకాతు: రెండు తెలుగు మాటలు

ఆదోని చేరువ కౌతాళములో ఖాదరులింగస్వామి దర్గా కలదు. హిందువులును ముసల్మానులును నొకే గడప త్రొక్కి యచ్చట మ్రొక్కులు చెల్లింతురు. స్వామి పేరే యిరువురి మాటలను కలుపుకొన్నది. ఇట్టి సీమలో నమాజును 'పూజ' యనియు, జకాతును 'దానము' అనియు చెప్పుకొనుట వింత కాదు. కాని యీ రెండవ మాటను గూర్చి నాకు పేచీ కలదు.

ఖురానును మొదట తెలిగించిన చిలుకూరి నారాయణరావుగారు అనంతపురమున నుపాధ్యాయులుగా నుండిన పండితులు. 1928లో నంద్యాల సభయందు 'రాయలసీమ' యను పేరును ప్రతిపాదించినవారును వారే. వారి శ్రమకు మనము ఋణపడియున్నాము. అయినను భాష మాఱునపుడు క్రొత్త మాట వెంట దాని పాత యలవాటులును వచ్చి కూర్చుండును. దానమనగానే దాత మీదను, పుచ్చుకొనువాడు క్రిందను కనబడుదురు. జకాతు అట్టిది కాదు. నియతమైన మేరకు మించిన ధనము ఏడాది నిలిచినచో దానిలో నలువదవ పాలు, పేదలు మొదలుగా ఎనిమిది తెగలవారికి చెందవలసినది. అది యున్నవాని దయ కాదు, లేనివాని హక్కు.

ఖురాను 107వ అధ్యాయమున ఏడే వాక్యములు. అనాథను గెంటువాడును, నమాజు చేయుచునే దానియెడ నేమఱి, చిన్న సాయమునకు చేయి రానివాడును అందొక్క వరుసను నిలిచిరి. ఆ చిన్న సాయమనగా కుండ, గొడ్డలి, బొక్కెన వంటి యెరువు సామానని కొందఱు వ్యాఖ్యాతలు చెప్పిరి. పండితుల వ్యాఖ్యలలో నింత ఇల్లెఱిగిన వ్యాఖ్య అరుదు.

దీనినే చూపి 'సేవ యుండగా నమాజేల?' యను సంస్కారప్రియులును కలరు. వారికి సల్మాను కథ యిష్టము. అబుద్దర్దా పగలెల్ల నుపవాసము, రేయెల్ల ప్రార్థన చేయుచు నిల్లాలిని మఱచియుండగా, సల్మాను వారించి, ప్రభువునకువలెనే దేహమునకును ఇంటివారికిని హక్కులున్నవనెను. ప్రవక్తయు నా మాట నిజమనెను. ఆ రాత్రి తుదిని ఇద్దఱును లేచి నమాజు చేసిరన్న సంగతిని మాత్రము వీరు విడిచిపుచ్చుదురు! పసిబిడ్డ యేడ్పు వినబడినచో తల్లి తల్లడిల్లునని ప్రవక్త నమాజును కుదించెడివారు, మానలేదు. నమాజును సేవను త్రాసున చెఱియొక తట్ట నుంచుటయే పొరపాటని నా తలంపు.

వానలు తప్పిన యేట కౌతాళము, కోసిగి కూలీలు సుగ్గికని గుంటూరు సీమకు మిరపకోతలకును పత్తి తీయుటకును తరలుదురు. ముసలివారు ఇండ్లు కాచుకొని యుందురు. వారి కిచ్చు గింజలను 'దానము' అన్నచో ఇచ్చువాని మీసము లేచును. 'బాకీ' యన్నచో తల వంగును. ఈ రెండవ మాట కటువైనను నాకు నచ్చినది. అదియు కుదరనిచో జకాతనియే యుంచవచ్చును. నమాజు నట్లే యుంచుకొంటిమి గదా.