రెండు లావాల నడుమ సున్నపురాయి

రాజమండ్రి నుంచి గోదావరి దాటి పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు వైపు వెళ్తే దారి పొడవునా నల్లరాతి క్వారీలూ క్రషర్లూ కనిపిస్తాయి. ఆ నల్లరాయి ఒకప్పటి లావా. పడమటి కనుమల ప్రాంతంలో పుట్టి, అప్పటి నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా పారి, ఒకప్పుడు ఇక్కడున్న సముద్రతీరం దాకా వచ్చి గడ్డకట్టిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. క్వారీ గోడను కింది నుంచి పైకి చూడండి. అడుగున ఒక లావా, దాని మీద కొద్ది మీటర్ల మందాన పాలిపోయిన సున్నపురాయీ బంకమట్టీ, వాటి మీద మళ్లీ లావా. కంకర కొట్టేవాళ్లు ఆ నడిమి పొరను పక్కకు నెట్టేస్తారు. నాకూ నా విద్యార్థులకూ పని మొదలయ్యేది ఆ పొర దగ్గరే.

6.6 కోట్ల ఏళ్ల కిందట డైనోసార్లతో పాటు భూమ్మీది జీవజాతుల్లో దాదాపు ముప్పాతిక వంతు అంతరించిపోయాయి. 1980లో లూయీ అల్వరెజ్, ఆయన కుమారుడు వాల్టర్, వారి సహచరులు ఇటలీలోని గుబ్బియో దగ్గర సున్నపురాళ్ల నడుమ సెంటీమీటరు మందమున్న ఆ కాలపు బంకమట్టిలో, గ్రహశకలాల్లో దండిగా ఉండే ఇరిడియం లోహం ఎక్కువగా ఉందని కనిపెట్టి, గ్రహశకలం ఢీకొనడమే ఆ వినాశనానికి కారణమన్నారు. ఆ తరువాత మెక్సికోలో చిక్షులుబ్ బిలం బయటపడింది. అయితే మన క్వారీల నల్లరాయిగా మారిన దక్కన్ లావాలు పొంగింది కూడా ఆ కాలంలోనే. అందుకే రెండు లావాల మధ్య చిక్కుకున్న ఈ సున్నపురాయి మీద ప్రపంచం కన్ను పడింది.

గుబ్బియో రాళ్లు తీరానికి దూరంగా, లోతు నీళ్ల అడుగున నెమ్మదిగా పేరుకున్నవి. మనవి తీరం అంచువి. ఒడ్డు పక్కన నీళ్లలో జీవం కిటకిటలాడుతుంది. మన పొరల్లోనూ గవ్వలు, చిప్పలు, సున్నపు నాచులు దండిగా ఉన్నాయి. రాజమండ్రి పక్కనున్న కాతేరు, ఇటు పంగిడి గవ్వల గురించి మిషనరీ, భూశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే రాశాడు. కానీ ఒడ్డు కుదురుగా ఉండదు. సముద్రం వెనక్కి తగ్గితే పొర ఆగిపోతుంది, అల పేరుకున్నదాన్ని కోసుకుపోతుంది, నది మంచినీళ్లు తెచ్చి కలుపుతుంది. ఒక జాతి ఆనవాళ్లు ఒక పొరలో ఆగిపోతే, అది అంతరించిందా, నీళ్లు మారి వేరేచోటికి తరలిపోయిందా, లేక ఆ కాలపు రాయే కొట్టుకుపోయిందా? నా వృత్తి అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఒక పొర ఏ కాలానిదో చెప్పేవి ఫోరామినిఫెరా. ఇవి సున్నపు గుల్ల కట్టుకునే ఏకకణ జీవులు. మెత్తని పొరను నీళ్లలో నానబెట్టి, జల్లెడలో కడిగి, మిగిలిన నలుసుల్లోంచి తడిపిన సన్నని బ్రష్‌తో గుల్లలను ఒక్కొక్కటే ఏరాలి. గట్టి సున్నపురాయి అలా విడిపోదు. దాన్ని కోసి, గాజుపలక మీద అంటించి, వెంట్రుక కన్నా పలచగా, 0.03 మిల్లీమీటర్లకు వచ్చేదాకా అరగదీయాలి. మైక్రోస్కోప్ కింద పెడితే గుండ్రంగా చుట్టుకున్న గదుల వరుస కనిపిస్తుంది. ఒక్కో గది ముందుదానికన్నా కాస్త పెద్దది. కోత వాటం మారితే అదే గుల్ల ఇంకో ఆకారంలో కనిపిస్తుంది. కాబట్టి ఒక్క కోత చూసి పేరు పెట్టకూడదు.

జల్లెడ సంగతి ఇంకా ముఖ్యం. వినాశనానికి ముందున్న గ్లోబోట్రంకానా వంటివి పెద్దవి, అలంకారాలున్నవి. తరువాత పుట్టినవి మరీ చిన్నవి. 150 మైక్రాన్ల కన్నులున్న జల్లెడ వాడితే అవన్నీ కడిగిన నీళ్లతో కాలవలోకి పోతాయి. అప్పుడు ఆ పొర నిర్జీవంగా కనిపిస్తుంది. 63 మైక్రాన్ల జల్లెడలో అదే పొర కొత్త సంతతితో నిండి ఉంటుంది. లేదన్న మాట ప్రకృతి చెప్పిందా, మన పనిముట్టు చెప్పిందా అని ప్రతిసారీ అడిగి తీరాలి. దొరికిన చివరి గుల్ల, బతికిన చివరి జీవి ఒకటి కావని 1982లో సిగ్నర్, లిప్స్ అనే పురాజీవ శాస్త్రజ్ఞులు గట్టిగా హెచ్చరించారు. మా లెక్కలన్నిటికీ ఆ హెచ్చరికే కొలబద్ద.

2008లో గెర్టా కెల్లర్, థియెరీ అదాత్, సునీల్ బాజ్‌పాయ్ తదితర శాస్త్రజ్ఞులు రాజమండ్రి పొరల్లోని సూక్ష్మజీవుల శిలాజాలను చదివి చెప్పిందేమిటంటే, కింది లావా మీద పేరుకున్న బురదలో ఉన్నవి వినాశనం తరువాత తొలి కొన్ని లక్షల ఏళ్లలోపు జాతులని. లావాల అయస్కాంత సాక్ష్యమూ దీనికి సరిపోతుంది. కిందిది భూమి అయస్కాంత దిశ తలకిందులుగా ఉన్న కాలానిది, పైది ఇప్పటి దిశకు మారిన తరువాతిది. అంటే కింది లావా చల్లబడ్డాక, పై లావా రాకముందు, ఇక్కడి తీరంలో జీవం మళ్లీ కుదురుకుంది. ఇంతవరకు రాయి తేటగా చెబుతోంది. చంపింది లావాయా గ్రహశకలమా అన్నది ఈ ఒక్క గోడతో తేలదు. 2019లో రెండు బృందాలు దక్కన్ లావాల వయసులను కచ్చితంగా కొలిచినా, ఎక్కువ లావా ఎప్పుడు పొంగిందన్న దాని మీద ఏకాభిప్రాయం కుదరలేదు.

ఈ పొరను బయటపెట్టింది క్వారీలే. ఆ మేలు మరువలేం. వాటిని మూసేయమని నేను అడగను. తవ్వకం ముగిసిన చోట, రెండు లావాలూ నడిమి సున్నపురాయీ కలిసి కనిపించే గోడ ఒక్కటి నిలపాలి. రాళ్లు కప్పకుండా, పేల్చకుండా, మనిషి దగ్గరికి వెళ్లేలా. రేపటి విద్యార్థి మాకన్నా సన్నని జల్లెడతో వస్తాడు, మేం లేదని రాసిందాన్ని మళ్లీ వెతుకుతాడు. మేం రాసిన కాగితాలతో అతని పని జరగదు, రాయే కావాలి.