కనిపించని వస్తువు, కొలవని వాస్తవం

వస్తువు మారినా ప్రతీకలు మారకపోతే సాహిత్యం వాస్తవికతకు దూరమవుతుంది. 2019లో నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తెలుగులో విస్తారంగా కవిత్వం వచ్చింది. ఆ సెప్టెంబరులో శాసనసభ చేత తవ్వకాల వ్యతిరేక తీర్మానం చేయించిన ప్రజాందోళనలో ఆ కవులకూ వాటా ఉంది. దాన్ని తక్కువ చేసి చూడనవసరం లేదు. కాని ఆ కవిత్వంలో తరచుగా కనిపించే యురేనియం ఒక రాక్షసి, ఒక కాలకూటం. రాక్షసికి యజమాని ఉండడు, లెక్కాపత్రం ఉండదు. పురాణ ప్రతీక ఆవేశాన్ని ఇస్తుంది గాని కార్యకారణ సంబంధాన్ని మరుగుపరుస్తుంది.

నల్లగొండ రచయితకు మరో ప్రతీక సిద్ధంగా ఉంది: ఫ్లోరోసిస్. అదీ ఇక్కడ పనికిరాదు. ఫ్లోరైడు మనిషి ఒంటిమీదే తన చరిత్ర రాస్తుంది. పళ్లమీది గార, వంగిన వెన్ను, దొడ్డికాళ్లు చూసి రచయిత రాయగలడు. రేడియోధార్మికతకు రంగు, వాసన, రుచి లేవు. కొద్దికొద్దిగా ఒంట్లో చేరితే అది క్యాన్సర్‌గా బయటపడడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. అప్పుడు రోగిని చూసి కారణం చెప్పగలవారుండరు. ఇక్కడ కొలత ఒక్కటే సాక్షి.

ఆ సాక్ష్యం ముందుగా దొరికే చోట్లలో పాలు ఒకటి. పశువు రోజంతా తిరిగి మేసిన నేల సారం సాయంత్రానికి చెంబులోకి దిగుతుంది. 1957 అక్టోబరులో ఇంగ్లండులోని విండ్‌స్కేల్ రియాక్టరులో మంటలు లేచినప్పుడు, పచ్చికమీద పడిన అయోడిన్-131 ఆవుపాలలో తేలింది. పిల్లల థైరాయిడ్ గ్రంథిలో పేరుకునే పదార్థమది. సుమారు 500 చదరపు కిలోమీటర్ల మేర పాలను పారబోయించారు. ఆ కొలత మేలే చేసింది. కాని ప్రమాదంపై జరిగిన విచారణ నివేదిక పూర్తి పాఠాన్ని అదే రాజ్యం 1988 దాకా బయటపెట్టలేదు.

మన జిల్లాల్లో రియాక్టరు లేదు. 2003లో బహిరంగ విచారణకు వచ్చిన లంబాపూర్-పెద్దగట్టు ప్రతిపాదన గాని, తర్వాతి అమ్రాబాద్ వివాదం గాని ఖనిజానికి సంబంధించినవి. గని తెచ్చే భయం అయోడిన్ కాదు, రేడియం-226. అయోడిన్-131 8 రోజుల్లో సగమవుతుంది. ఈ రేడియం సగం కావడానికి 1600 ఏళ్లు. కాల్షియం స్వభావం కలది కనుక నీటినుంచి గడ్డికి, గడ్డినుంచి పాలకు, పాలనుంచి ఎముకకు చేరగలదు. పైగా మన గ్రానైటు నేలల్లో, బావినీళ్లలో యురేనియం సహజంగానే కొంత ఉంది. అందువల్ల తవ్వకానికి ముందే ఊరి చెరువులో, జొన్నలో, పాలలో ఎంత ఉందో బెకరెల్‌లలో, అంటే సెకనుకు ఎన్ని పరమాణువులు విచ్ఛిన్నమవుతున్నాయో ఆ లెక్కలో, నమోదు కావాలి. లేకపోతే రేపు పెరిగినదంతా మీ రాళ్లలోదేనని కొట్టివేయవచ్చు.

కొలిచేది ఎవరు? ఇది వర్గ ప్రశ్న. పాలకేంద్రం దగ్గర రైతుకు తెలిసిన కొలత వెన్న శాతం. అది ధర కట్టడానికి. మన దేశంలో రియాక్టర్ల చుట్టూ పాలు, కూరగాయలు, చేపలు పరీక్షించే ప్రయోగశాలలు చాలాకాలం భాభా అణు పరిశోధన కేంద్రం కింద ఉండేవి. ఆ కేంద్రమూ, రియాక్టర్లు నడిపే అణువిద్యుత్ సంస్థా ఒకే శాఖ కిందివి. అక్కడి శాస్త్రజ్ఞుల నిజాయితీని శంకించనక్కరలేదు. నమూనాకు పాలు పోసిన రైతుకు తన పాల లెక్క తన భాషలో అందుతుందా, దాన్ని మరొకరి చేత సరిచూపించుకునే హక్కు అతనికి ఉందా అన్నదే ప్రశ్న.

ప్రయోగశాల నివేదికను పద్యం చేయమని దీని అర్థం కాదు. నమూనా సీసా పట్టుకుపోయిన జీపుకూ, ఊరికి తిరిగి రాని అంకెకూ మధ్య ఒక కథ ఉంది. ఈ పాలు బిడ్డకు పట్టవచ్చునో లేదో తెలియని తల్లి సందేహంలో ఒక కవిత ఉంది. రోగం వచ్చాక రాసేది జాలి సాహిత్యం. ఫ్లోరోసిస్ మీద వచ్చిన రచనల్లో చాలావాటి పరిమితి అదే. లెక్క అడిగే సాహిత్యం రోగానికి ముందే రావాలి.