పడవలో సమత, ఒడ్డున అంతస్తు: 'టామ్ బ్రౌన్ ఎట్ ఆక్స్‌ఫర్డ్' పరిశీలన

థామస్ హ్యూస్ రచించగా 1861లో పుస్తకరూపం దాల్చిన 'టామ్ బ్రౌన్ ఎట్ ఆక్స్‌ఫర్డ్' నవలను క్రీడాస్తుతిగా చదవడం పరిపాటి. ఆ పఠనంలో హార్డీ పాత్ర మరుగున పడుతుంది. హార్డీ సర్విటరు, అనగా తక్కువ రుసుముతో చదువుకునే నిరుపేద విద్యార్థి. 1840ల నాటి ఆక్స్‌ఫర్డులో అంతస్తును వస్త్రమే చాటేది. అధిక రుసుము చెల్లించే సంపన్నులకు పట్టు గౌను, మఖమలు టోపీ ఉండేవి. (వస్త్రం మనిషిని పట్టివ్వడం తెలుగు పాఠకునికి కొత్త కాదు, మొక్కపాటి వారి పార్వతీశం స్త్రీల టోపీ కొని నవ్వులపాలైన ఘట్టం సుప్రసిద్ధం.) అటువంటి విద్యార్థుల నడుమ హార్డీ ఒంటరి.

పడవపందేలలో కళాశాల జట్టుకు ఒక మనిషి కొరవడినప్పుడు ఆ స్థానం హార్డీకి దక్కుతుంది. ఇరుకైన ఆ నదిలో పడవలు పక్కపక్కన సాగవు. ఒకదాని వెనుక ఒకటి బయలుదేరుతాయి, ముందుదానిని తాకగలిగినది గెలుస్తుంది. ఎనిమిది తెడ్లూ ఒకే లయలో పడవలసిన ఆ వేళ ఎవరి ఒంటిమీదా గౌను ఉండదు. సమత్వాన్ని శరీరశ్రమలో చూపిన ఈ ఘట్టమే నవలకు ప్రాణం.

అయితే హార్డీని పడవలోకి చేర్చినది జట్టు అవసరమే. గెలుపు అతనికి మన్నన తెచ్చిందే గాని, సర్విటరు వ్యవస్థను కదిలించలేదు. క్రైస్తవ సామ్యవాది అయిన హ్యూస్‌కు ఈ వైరుధ్యం తెలియనిది కాదు. పరిష్కారాన్ని మాత్రం ఆయన హార్డీ శీలంలోనే వెతికాడు.