మెల్లని చోటే గీటురాయి

మాలర్, బ్రూక్నర్ రాసిన పెద్ద సింఫనీలు అనంతపురానికి రికార్డింగుల్లోనే వస్తాయి. వందమంది వాద్యకారులను ఎదురుగా కూర్చోబెట్టుకుని వినే అదృష్టం మాకు లేదు. అందుకే ఏ రికార్డింగు మంచిదో తేల్చుకోవడం మాకు తప్పనిసరి. ఏళ్లతరబడి విన్నాక నాకు నిలిచిన కొలత ఒకటే: సద్దుమణిగిన చోట ఏం వినపడుతోంది?

మాలర్ రెండో సింఫనీ గంటా ఇరవై నిమిషాలకు అటూ ఇటూ సాగుతుంది. చివరి భాగంలో వేదిక బయటి నుంచి బాకాలు పలుకుతాయి, వాటి మధ్య వేణువు పక్షిలా కూస్తుంది. ఆ తర్వాత అంత పెద్ద గాయక బృందమూ దాదాపు గుసగుసగా పాట అందుకుంటుంది. సింఫనీ ప్రాణమంతా అక్కడుంది.

1924లో కండక్టర్ ఆస్కార్ ఫ్రీడ్ బెర్లిన్‌లో దీన్ని మొదటిసారి పూర్తిగా రికార్డు చేశాడు. అప్పటికి స్టూడియోల్లోకి మైకు రాలేదు. వాద్యకారులంతా గరాటు ముందు కిక్కిరిసి వాయించారు. ఆ సాహసానికి దండం పెట్టాలి. కానీ దూరమూ దగ్గరా తెలిసే వీలు ఆ పరికరానికి లేదు.

ముంబైలో పుట్టిన జుబిన్ మెహతా 1975లో వియన్నా ఫిల్హార్మోనిక్‌తో డెక్కా కంపెనీకి చేసిన రికార్డింగులో ఆ దూరం వినిపిస్తుంది. అది చేసిన సోఫియెన్‌సాల్ అనే హాలు ఒకప్పటి స్నానశాల. నేల కింద మిగిలిన ఈతకొలను బోలుతనం నాదానికి నిండుదనం ఇచ్చేది. 2001లో ఆ భవనం కాలిపోయింది. దాని గుణం ఇప్పుడు ఇలాంటి రికార్డింగుల్లోనే దొరుకుతుంది.

వినడమూ ఒక సాధనే. అన్నిటికంటే పెద్ద హోరుకు తగ్గట్టు వాల్యూమ్ పెట్టుకుంటాను, ఇక ముట్టుకోను. పొద్దుపోయి, బోరు మోటార్లు ఆగాక, ఎండాకాలమైనా ఫ్యాను కట్టేసి కూర్చుంటాను. మొదటి భాగం తర్వాత కనీసం 5 నిమిషాలు ఆగమని మాలర్ స్కోరులోనే రాశాడు. ఎల్పీ రోజుల్లో ప్లేటు తిప్పడానికైనా లేచేవాళ్లం. ఫోనులో ఆ విరామం లేకుండానే తర్వాతి భాగం మొదలవుతుంది. కాబట్టి నేనే ఆపి, ఆ 5 నిమిషాలూ ఊరికే కూర్చుంటాను. అంత బరువైన మొదటి భాగం మనసులో దిగడానికి ఆ మాత్రం వ్యవధి కావాలి.

కొత్తగా వినేవారికి ఒక్కటే చెబుతాను. ఏ రికార్డింగైనా ముందు గాయక బృందం అందుకునే చోట పరీక్షించండి. చెయ్యి వాల్యూమ్ వైపు పోకుండా చెవే ముందుకు సాగితే దాన్ని నమ్మవచ్చు. అంత మెల్లగా మొదలైంది గనుకే ముగింపులోని హోరుకు అంత బలం వస్తుంది.