ఏ వయసుకు ఏ కథ? తాటకి కథ చదివాక

పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు అత్యాచారం, కులహింస ఉన్న కథలు ఇవ్వొచ్చా? వాళ్ల మనసు తట్టుకుంటుందా? పిల్లల సాహిత్యం గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు కూడా ఈ ప్రశ్నే వేస్తున్నారు. ప్రశ్న తప్పనను. కానీ ఇది ఎవరి పిల్లల్ని చూసి పుట్టిన ప్రశ్న?

గోగు శ్యామల రాసిన తాటకి కథనే తీసుకుందాం. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో పిల్లల కోసం బొమ్మలతో తెచ్చిన ‘డిఫరెంట్ టేల్స్’ వరుసలో ఇదొకటి. చేనికి పోయిన దళిత పిల్ల మీద భూస్వామి పడబోతాడు. ఆ పిల్ల ఎదురు తిరిగి తప్పించుకుంటుంది. ఇది పిల్లలకు ఎక్కువేమో అనేవాళ్లు పులివెందుల పక్కన తుమ్మలపల్లె దాకా వచ్చి చూడాలి. ఆ ఊరి పేరు లోకానికి యురేనియం గనితోనే తెలుసు. గని వచ్చినంత మాత్రాన చుట్టుపక్కల చీనీ, అరటి తోటల్లో కూలిపని పోలేదు. తల్లి వెంట తోటకు పోయే పిల్లకు ఏ ఆసామి చూపు ఎట్లాంటిదో, ఏ గట్టు మీద ఒంటరిగా నడవకూడదో ఏ కథా చెప్పకముందే తెలుసు. లేనిదల్లా దాన్ని బయటికి చెప్పే మాట.

పేరు సంగతి కూడా చూడండి. తాటకను చంపేనాటికి రాముడికి పదహారేళ్లు నిండలేదు. ఆ తర్వాత శూర్పణఖ ముక్కుచెవులు. వీటిని ఒకటో తరగతి పిల్లలకు గూడా చెప్తాం, వయసు అడగం. ఆడదాన్ని చంపిన కథకు లేని నిబంధన, తప్పించుకున్న పిల్ల కథకు ఎందుకొచ్చింది? శ్యామల ఆ పేరును తెచ్చి గెలిచిన పిల్ల పక్కన నిలబెట్టింది. ఆ తిరగేత చిన్నపిల్లలకు అందకపోవచ్చు. తొమ్మిదో తరగతి పిల్ల ఇట్టే పట్టుకుంటుంది.

2012 నాటి పోక్సో చట్టం పిల్ల చెప్పింది చెప్పినట్టే రాసుకోవాలంటుంది. చెప్పమనే ముందు ఆ మాటలు చదవనివ్వొద్దా?

నా పేచీ వేరే. అన్ని కులాల పిల్లలూ ఉన్న తరగతిలో ఈ కథ చదివిస్తే చూపులన్నీ వాడపిల్ల వైపే తిరుగుతాయి. ‘మీ ఇళ్లల్లో ఇట్లే జరుగుతుందా?’ అని అయ్యవారే అడిగితే ఆ పిల్లకు అదింకో దెబ్బ. ఆసామి ఇంటి పిల్లవాడు కూడా అక్కడే కూర్చుని ఉంటాడు. వాణ్ని ఏం అడగాలో మనం ఆలోచించలేదు.

కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించిన ఎం.ఎం. వినోదిని రాసిన రెండు పేర్ల పిల్లవాడి కథ కూడా ఈ వరుసలోదే. ఏడో తరగతిలో ముందు దాన్ని చదివించి, పిల్లలు ఒకరి గురించి ఒకరు ఎట్లా మాట్లాడుతున్నారో విని, ఆ తర్వాత తాటకి దగ్గరికి పోవచ్చు. అప్పుడైనా మొదటి ప్రశ్న వాడపిల్లను అడగొద్దు. భూస్వామికి అంత ధైర్యం ఎక్కడిదని తరగతినంతా అడగాలి.